ఆరు నుంచి ఇరవై దాకా

ఈసారి ఒక కాగితం చరిత్ర రాస్తున్నాను. కాగితం మీద 6 నుంచి 20 వరకు పదిహేను అంకెలు ఉంటాయి. కొన్ని అంకెల పక్కన చిన్న చిన్న మాటలు ఉంటాయి. అంతే. కానీ ఈ కాగితం వల్ల మా ఇంట్లో ఒక భయం పుట్టింది, ఒక వాదన పుట్టింది, నాకు పది కొత్త తెలుగు మాటలు వచ్చాయి.

మా తాతయ్యకి, అంటే అమ్మ వాళ్ళ నాన్నగారికి, 74 ఏళ్లు. కోనసీమలో ప్రాథమిక పాఠశాల మేష్టారుగా పనిచేసి రిటైర్ అయ్యారు. అమ్మమ్మ పోయిన తరవాత మా దగ్గరికి, లెస్టర్‌కి వచ్చేశారు. పోయిన చలికాలం ఆయనకి గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. ఇంటికి వచ్చాక ఎనిమిది వారాల వ్యాయామం తరగతి రాసిచ్చారు, వారానికి రెండు రోజులు. అమ్మకి పగలు ఉద్యోగం. తాతయ్యకి ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు కానీ ఇక్కడివాళ్ళు మాట్లాడితే అర్థం కాదు. అందుకని నేను దుబాసీగా వెళ్ళాను. (దుబాసీ అనే మాట ఆయనే నేర్పారు. రెండు భాషల మనిషి అని అర్థమట. నాకు ఒకటిన్నర వచ్చు.)

అక్కడ తాతయ్యకి ఇచ్చింది ఎక్కడికీ పోని సైకిల్. ఆయన తొక్కుతుంటే ఫిజియో అమ్మాయి రెండు మూడు నిమిషాలకి ఒకసారి వచ్చి, గోడ మీద ఉన్న పట్టిక చూపించి, ఇప్పుడు ఎంత అని అడుగుతుంది. 7 దగ్గర చాలా చాలా తేలిక, 9 చాలా తేలిక, 11 తేలిక, 13 కాస్త కష్టం, 15 కష్టం, 17 చాలా కష్టం, 19 చాలా చాలా కష్టం. తెలుగు మాటలు నావి. అప్పుడు నాకు అవి సరైన మాటలే అనిపించాయి.

నేను "తాతయ్యా, కష్టంగా ఉందా?" అని అడిగేదాన్ని. ఆయన "పర్లేదమ్మా" అనేవారు. నేను ఫిజియోకి 11 అని చెప్పేదాన్ని. ఆవిడ ఇంకొంచెం బరువు పెంచేది. మళ్ళీ అడిగితే మళ్ళీ "పర్లేదు". మళ్ళీ 11.

మూడో తరగతిలో ఆయన ముఖం బూడిద రంగుకి తిరిగింది. పెదాలు తెల్లబడ్డాయి. పట్టుకుని దింపి కుర్చీలో కూర్చోబెట్టారు. రక్తపోటు బాగా పడిపోయింది. అరగంటలో సర్దుకుంది, పెద్దగా ఏమీ కాలేదు. కానీ ఆ అరగంట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫిజియో నన్ను పక్కకి పిలిచి కోప్పడలేదు. ఒక్కటే అడిగింది: "నువ్వు ఆయన్ని ఏ మాటతో అడిగావు?"

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో తాతయ్య కూడా ఒకటే అడిగారు. "అసలు ఆరు నుంచి మొదలవడం ఏంటమ్మా? నేను ముప్ఫై ఏళ్ళు మార్కులు వేశాను. సున్నా లేని మార్కులు ఎక్కడా చూడలేదు."

రెండు ప్రశ్నలకీ నా దగ్గర జవాబు లేదు. అందుకే చదవడం మొదలుపెట్టాను.

మనిషి లోపల అనిపించేదాన్ని అంకెల్లో పెట్టవచ్చు అనే ఆలోచన జర్మనీలో మొదలైంది. లైప్‌జిగ్‌లో వెబర్ అనే ఆయన మనుషుల చేతుల్లో బరువులు పెట్టి, ఎంత తేడా ఉంటే తేడా తెలుస్తుంది అని చూశాడు. అదే ఊళ్ళో ఫెక్నర్ 1860లో దాని మీద పెద్ద పుస్తకం వేసి, ఆ విద్యకి సైకోఫిజిక్స్ అని పేరు పెట్టాడు. వెలుతురు, చప్పుడు, బరువు, వీటి మీద చాలా పని జరిగింది. శ్రమ మీద మాత్రం చాలాకాలం ఎవరూ ఈ పద్ధతి పెట్టలేదు.

శ్రమని వేరేవాళ్ళు వేరే దారిలో పట్టుకున్నారు. ఇటలీలో టూరిన్ నగరంలో ఏంజెలో మోస్సో అనే ఆయన ఎర్గోగ్రాఫ్ అనే యంత్రం చేశాడు. ఒక వేలితో చిన్న బరువుని పదేపదే పైకి లాగాలి. ప్రతి లాగుడూ కాగితం మీద గీతగా పడుతుంది. గీతలు పొట్టివి అయిపోతూ అయిపోతూ చివరికి ఆగిపోతాయి. 1891లో అలసట మీద ఆయన పుస్తకం వచ్చింది. అందులో ఒక విషయం తాతయ్యకి బాగా నచ్చింది. మోస్సో తోటి అధ్యాపకులు విద్యార్థులకి గంటలకొద్దీ నోటి పరీక్షలు చేసి వచ్చాక ఎర్గోగ్రాఫ్ మీద కూర్చుంటే, వాళ్ళ వేలు మామూలు కంటే చాలా ముందే ఆగిపోయింది. వేలు పొద్దుటి నుంచీ ఏ పనీ చేయలేదు. అలిసింది బుర్ర. "నాకు తెలియదా! పరీక్షలు అయిన రోజు సైకిల్ తొక్కలేకపోయేవాణ్ణి" అన్నారు తాతయ్య. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక సైకిల్ సంగతి. వ్యాయామం చదివేవాళ్ళకి సైకిల్ ఎందుకు అంత ఇష్టం అంటే, మనిషి ఒకచోటే ఉంటాడు, తల పెద్దగా కదలదు, ముక్కుకి గొట్టాలు పెట్టవచ్చు, ఎంత పని చేశాడో లెక్క కట్టవచ్చు. డెన్మార్క్‌లో ఆగస్ట్ క్రోగ్ 1913లో ఒక సైకిల్ చేశాడు. చక్రం బదులు రాగి పళ్ళెం తిరుగుతుంది, దాన్ని విద్యుదయస్కాంతం పట్టి ఆపుతుంది. అయస్కాంతం బలం మారిస్తే సైకిల్ బరువెక్కుతుంది. క్రోగ్‌కి 1920లో నోబెల్ వచ్చింది, అది వేరే పనికి, కండరాల్లో సన్నని రక్తనాళాల మీద చేసినదానికి. కానీ అదే 1913లో ఆయన, లిండ్‌హార్డ్ కలిసి రాసిన ఒక పత్రం నా కథకి ముఖ్యం. మనిషి తొక్కడం మొదలుపెట్టిన మరుక్షణమే ఊపిరి, గుండె వేగం పెరిగిపోతున్నాయి. కండరాల నుంచి రక్తం ద్వారా ఏ కబురూ ఇంకా పైకి చేరి ఉండదు. అంటే మెదడు కాళ్ళకి ఆజ్ఞ ఇస్తూనే గుండెకి, ఊపిరితిత్తులకి కూడా ఒక మాట చెబుతోంది అని వాళ్ళు అన్నారు. అందుకే ఊపిరి, గుండె, శ్రమ అనే భావన ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయి, పూర్తిగా కాకపోయినా.

తరవాత సైకిల్ స్వీడన్‌కి చేరి మామూలు వస్తువు అయింది. 1954లో ఫాన్ డోబెల్న్ అనే ఆయన చవకగా చేసుకోగలిగే సైకిల్ గురించి రాశాడు. విద్యుత్తు అక్కరలేదు, చక్రం చుట్టూ ఒక పట్టీ బిగిస్తే చాలు. అదే ఏడాది ఓస్ట్రాండ్, ఇర్మా రూమింగ్ ఇద్దరూ ఒక గీతల పటం అచ్చు వేశారు. ఆరు నిమిషాలు ఒకే బరువు మీద తొక్కించి, గుండె వేగం చూసి, ఆ మనిషి శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడగలదో అంచనా కట్టవచ్చు. మనిషిని పడిపోయేదాకా తొక్కించాల్సిన పని లేదు. ఆస్పత్రులకి ఇది చాలా ఉపయోగపడింది.

గున్నార్ బోర్గ్ కథ ఇక్కడ మొదలవుతుంది.

బోర్గ్ 1927లో పుట్టాడు. డాక్టర్ కాదు, మనస్తత్వ శాస్త్రం చదివినవాడు. 1950లలో ఉత్తర స్వీడన్‌లో ఊమియో అనే ఊళ్ళో పనిచేసేవాడు. చుట్టూ అడవులు, చెట్లు కొట్టి బతికే ఊళ్ళు. అక్కడి ఆస్పత్రిలో హాన్స్ డాల్‌స్ట్రోమ్ అనే వైద్యుడితో కలిసి సైకిల్ పరీక్షలు మొదలుపెట్టాడు. వాళ్ళని ఒక చిక్కు పట్టుకుంది. రోగులు వచ్చి నా శక్తి ఇంత తగ్గిపోయింది అని చెబుతారు. సైకిల్ ఎక్కించి కొలిస్తే తగ్గింది నిజమే, కానీ వాళ్ళు చెప్పినంత కాదు. సులువైన జవాబు ఒకటి ఉంది: రోగి ఎక్కువ చేసి చెబుతున్నాడు. చాలామంది వైద్యులు ఆ జవాబుతోనే ఆగిపోయి ఉంటారు. బోర్గ్ ఆగలేదు. యంత్రానికి ఒక కొలబద్ద ఉంది, మనిషికి ఇంకో కొలబద్ద ఉంది, రెండింటి మధ్య లెక్క ఏమిటి అని అడిగాడు.

ఆ లెక్క దొరికింది. అమెరికాలో హార్వర్డ్‌లో స్టీవెన్స్ అప్పటికే ఇలాంటి లెక్కలు వెలుతురుకీ చప్పుడుకీ వేస్తున్నాడు. బోర్గ్ ఆ పద్ధతి సైకిల్‌కి పెట్టాడు. సైకిల్ బరువు పెరిగినకొద్దీ, అనిపించే శ్రమ అంతకంటే వేగంగా పెరుగుతుంది. లెక్కల భాషలో చెప్పాలంటే బరువుకి 1.6 ఘాతం. (ఘాతం అంటే పవర్. తాతయ్యని అడిగి రాశాను.) అంటే బరువు రెట్టింపు చేస్తే మనిషికి రెట్టింపు అనిపించదు, ఇంచుమించు మూడు రెట్లు అనిపిస్తుంది. ఆ రోగులు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ కొలబద్ద మీద అది నిజంగా అంతే.

కానీ ఆస్పత్రిలో ఘాతాలతో పని జరగదు. నర్సు చేతిలో పట్టుకుని అడగగలిగేది కావాలి. బోర్గ్ మొదట 21 మెట్ల పట్టిక చేశాడు. 1962లో ఆయన సిద్ధాంత గ్రంథం లుండ్‌లో అచ్చయింది, శారీరక సామర్థ్యం, అనిపించే శ్రమ అనే రెండింటి మీద. తరవాత ఆ పట్టికని సవరించాడు. 1970 నాటి పత్రంలో అది 6 నుంచి 20 వరకు ఉంది.

తాతయ్య ప్రశ్నకి జవాబు ఇదే. మధ్యవయసు లోపు ఆరోగ్యవంతుడు ఊరికే కూర్చుంటే గుండె నిమిషానికి ఇంచుమించు 60 సార్లు కొట్టుకుంటుంది. ఇంక నా వల్ల కాదు అనేదాకా తొక్కితే ఇంచుమించు 200. మనిషి చెప్పిన అంకె పక్కన ఒక సున్నా పెడితే గుండె వేగం రావాలి అని బోర్గ్ పట్టికని అలా అమర్చాడు. 13 అంటే 130 దగ్గర. అందుకే ఆరు నుంచి మొదలు. ఆ సంగతి చెప్పినప్పుడు తాతయ్య కాసేపు ఆలోచించి, "తెలివైనవాడే. కానీ నాకు 13 దగ్గర 130 రావట్లేదే" అన్నారు. గోడ మీద తెరలో ఆయన గుండె వేగం 90 దాటడం నేను ఎప్పుడూ చూడలేదు.

అది కూడా చదివి తెలుసుకున్నాను. దీనికి రెండు కారణాలు. ఒకటి వయసు. గుండె గరిష్ఠ వేగం వయసుతో తగ్గుతుంది. అందరూ వాడే ముతక లెక్క 220లోంచి వయసు తీసేయడం. తాతయ్యకి అది 146. కాబట్టి ఆయన 20 అన్నా 200 రాదు. రెండోది మందు. గుండెపోటు తరవాత ఆయనకి బీటా బ్లాకర్ ఇచ్చారు. దాని పనే గుండెని నెమ్మదిగా ఉంచడం. 1971లో స్వీడన్‌లో ఎక్బ్లోమ్, గోల్డ్‌బార్గ్ ఇదే పరీక్షించారు. మందు ఇచ్చి గుండె వేగం తగ్గించారు, ఇంకో మందు ఇచ్చి పెంచారు. అదే పని చేస్తున్నప్పుడు మనుషులు చెప్పే శ్రమ అంకె మాత్రం గుండె వెంట పోలేదు. అంటే మనం శ్రమని గుండె చప్పుడు విని చెప్పడం లేదు.

మరి దేన్ని చూసి చెబుతున్నాం? వాళ్ళ జవాబులో రెండు పాయలు ఉన్నాయి. ఒకటి ఛాతీ వైపుది, ఊపిరి. రెండోది పనిచేసే కండరాలది. అందుకే ఒకే ఆక్సిజన్ ఖర్చుకి పరుగు కంటే సైకిల్ ఎక్కువ శ్రమ అనిపిస్తుంది. సైకిల్ మీద భారమంతా తొడల మీదే పడుతుంది.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే తాతయ్యలాంటి మనిషికి గుండె వేగం చూసే తెర సగం అబద్ధం చెబుతుంది. ఆయన నోటి మాటే అసలు కొలబద్ద. ఆ నోటి మాటకి, ఫిజియోకి మధ్య ఉన్నది నేను. మూడు తరగతుల పాటు నేను "పర్లేదు"ని 11గా మార్చి ఇచ్చాను.

ఇక్కడ చిన్న పక్కదారి. శ్రమ భావన ఎక్కడి నుంచి వస్తుంది అనే గొడవ బోర్గ్ కంటే పాతది. కండరాలకి ఆజ్ఞ పంపుతున్నప్పుడు మెదడుకి తన ఆజ్ఞ తనకే తెలుస్తుంది, అదే శ్రమ అని కొందరు. కాదు, కండరాలు, కీళ్ళు, ఛాతీ నుంచి తిరిగి వచ్చే కబుర్లే శ్రమ అని విలియం జేమ్స్ 1880లో రాశాడు. ఆ గొడవ ఇంకా తీరలేదు. 2009లో వేల్స్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయంలో మార్కోరా, ఆయన తోటివారు 16 మందిని తీసుకున్నారు. ఒక రోజు 90 నిమిషాలు కంప్యూటర్ ముందు బుర్ర అలిసే పని, ఇంకో రోజు అంతసేపూ రైళ్ళ మీద, కార్ల మీద డాక్యుమెంటరీలు. తరవాత బరువు సైకిల్. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కారు. బుర్ర అలిసిన రోజు 640. తొక్కుతున్నంతసేపూ గుండె, ఆక్సిజన్, రక్తంలో లాక్టేట్ రెండు రోజులూ దాదాపు ఒకటే. శ్రమ అంకె మాత్రం మొదటి నుంచీ ఎక్కువ. మోస్సో నోటి పరీక్షల కథే, 118 ఏళ్ళ తరవాత. నా మనసు మార్కోరా వైపే ఉంది, కానీ నేను సైన్సు చదివినదాన్ని కాదు కాబట్టి నా ఓటుకి విలువ లేదు.

ఒకే బరువు మీద ఎక్కువసేపు తొక్కితే ఏమవుతుంది అనేది కూడా తెలుసుకోవాలి. పని పెరగదు, అంకె మాత్రం నెమ్మదిగా పైకి పోతూనే ఉంటుంది. చెమటతో నీరు పోతుంది, గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, కాళ్ళు అలుస్తాయి. అందుకే ఒకసారి అడిగి వదిలేయకుండా మళ్ళీ మళ్ళీ అడుగుతారు. నేనేమో ఆవిడకి జ్ఞాపకం తక్కువేమో అనుకున్నాను.

బోర్గ్ 1982లో ఇంకో పట్టిక కూడా ఇచ్చాడు, 0 నుంచి 10 వరకు. నొప్పికి, ఊపిరి అందకపోవడానికి ఎక్కువగా అది వాడతారు. పిట్స్‌బర్గ్‌లో రాబర్ట్‌సన్ పిల్లల కోసం 2000లో బొమ్మల పట్టిక చేశాడు, సైకిల్ మీద గుట్ట ఎక్కుతున్న పిల్లాడు, పైకి పోయేకొద్దీ వంగిపోతుంటాడు. అది తాతయ్యకి చూపించాను. "ఆ పిల్లాడు సీటు ఎత్తు సరిచేసుకోవాలి" అన్నారు.

ఇక ఫిజియో ప్రశ్న. ఏ మాటతో అడిగావు?

ఒక ఆదివారం నేను, తాతయ్య టీ తాగుతూ కూర్చున్నాం. "నేను కష్టంగా ఉందా అంటే మీకు ఏం వినిపిస్తుంది?" అని అడిగాను. ఆయన అన్నారు: "కష్టం అంటే కష్టాలు. మీ అమ్మమ్మ పోయింది, అది కష్టం. వానలకి పంట పోతే కష్టం. నలుగురిలో ఉండి, పరాయి ఊళ్ళో, వాళ్ళు అంత మర్యాదగా చూస్తుంటే నాకు కష్టంగా ఉంది అని ఎలా అంటానమ్మా?"

నా నిఘంటువులో ఆ వాక్యం లేదు.

మరి ఆ రోజు ఏమనిపించింది అని అడిగితే ఆయన దగ్గర మాటలు ఒకటి కాదు, బోలెడు ఉన్నాయి. మొదట ఆయాసం. తరవాత రొప్పు. పిక్కలు లాగాయి. తొడలు బిగుసుకుపోయాయి. తరవాత నీరసం, అది వేరు, అది కాళ్ళది కాదు, ఊపిరిది కాదు, ఒళ్ళంతా. చివర కళ్ళు బైర్లు కమ్మాయి. నేను వరసగా రాసుకున్నాను. ఎక్బ్లోమ్, గోల్డ్‌బార్గ్ చెప్పిన రెండు పాయలు ఆయన మాటల్లో వేరు వేరుగా ఉన్నాయి. ఆయాసం ఛాతీది, లాగడం కాళ్ళది. ఇంగ్లీషు పట్టిక అన్నీ కలిపి ఒక్క అంకె అడుగుతుంది.

తరవాత కొత్త పట్టిక రాశాం. బోర్గ్ సూచనల్లో కొన్ని మెట్లకి ఉదాహరణలు ఉంటాయి. 9 అంటే ఆరోగ్యవంతుడు తన ఇష్టం వచ్చిన వేగంతో నెమ్మదిగా నడవడం. 13 అంటే శ్రమగా ఉంది కానీ ఇంకా కొనసాగించవచ్చు. 17 అంటే కొనసాగించవచ్చు కానీ తనని తాను బలవంతపెట్టుకోవాలి. తాతయ్య వాటిని తన రోడ్డు మీద పెట్టారు. ఆయన ఉద్యోగం రోజుల్లో బడికి సైకిల్ మీదే పోయేవారు. 9: పొద్దున్నే కాలవ పక్కన, గాలి లేదు. 11: అదే దారి, వెనక చిన్నపిల్లాడు కూర్చున్నాడు. 13: ఎదురుగాలి, మాట్లాడగలను కానీ పాడలేను. 15: ఎదురుగాలి, వెనక బియ్యం బస్తా. 17: బస్తాతో ఏటిగట్టు ఎక్కడం. 19 దగ్గర చాలాసేపు ఆలోచించి, "దిగి నడిపించుకుంటూ పోవడం, అది కూడా చేతకాకపోవడం" అన్నారు.

ఆ కాగితం తీసుకుని వెళ్ళాను. ఇప్పుడు కష్టం అనే మాట నోట్లోకి రానివ్వను. "తాతయ్యా, ఎక్కడున్నారు?" అని అడుగుతాను. మొదటి రోజు ఆయన మూడు నిమిషాలకే "బియ్యం బస్తా" అన్నారు. ఫిజియోకి 15 అని చెప్పాను. ఆవిడ వెంటనే బరువు తగ్గించింది. అంతకుముందు వారం అదే బరువుకి నేను 11 చెప్పాను.

పోయిన గురువారం పన్నెండు నిమిషాలు ఆపకుండా తొక్కారు. చివర్లో అడిగితే, "ఊపిరికి ఎదురుగాలే. కాళ్ళకి మాత్రం బస్తా ఉంది" అన్నారు. ఫిజియో కాగితంలో ఒక్కటే గడి. ఆవిడ కాసేపు చూసి, గడిలో 13 వేసి, బయట చిన్నగా కాళ్ళు 15 అని రాసుకుంది.